పన్నెండుగురు వీరులు, ఒక గుండిగ

1957 జూన్ 9, ఆదివారం

వచ్చింది. నా వార్త, మూడో పేజీలో నాలుగు కాలమ్‌లు, ఫోటోతో సహా. "జల్‌పల్లి తోట బంగళాలో 1857 వీరులు." సబ్ ఎడిటర్ "వీరాధివీరులు" అని దిద్దాడట. ప్రూఫులో కొట్టేశాను. విశేషణం రాసినవాడి బలహీనత.

ఆధారం ఒక ఫారసీ కాగితం. శాలిబండ వకీలు విఠల్‌రావు ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున దొరికింది. తోట బంగళా ఆయనదే. కాగితం రాసింది ఆయన ముత్తాత, నిజాం దఫ్తరులో సరిస్తేదారు, పెద్ద గుమాస్తా. బంగళా వంటవాళ్లకు ఇచ్చిన హుకుం అది. తర్జుమా వార్తలో మొత్తం ఇచ్చాను: "పన్నెండుగురు మనుషులు తోట బంగళాలో ఉన్నారు. ఎవరి కంటా పడకూడదు. రెండు పూటలా రొట్టె, పప్పు అక్కడికే పంపాలి. వారి కత్తులు, గుర్రపు తోకలు, మూడు సేర్ల అర్దళం గదిలో పెట్టి తాళం వేయాలి. సంవత్సరం 1274."

1274 అంటే హిజ్రీ. ఇంగ్లీషు లెక్కలో 1857. ఈ ఊళ్లో చదువుకున్నవాడికి వేళ్ల మీద లెక్క. ఆ ఏడు పన్నెండుగురు కత్తులతో దాక్కున్నారంటే ఎవరి నుంచి దాక్కున్నారో చెప్పడానికి రిపోర్టరు అక్కర్లేదు. గుర్రపు తోకలు అశ్వికదళం గుర్తులు. అర్దళం విషం కనుక తూటాలకో బాణాలకో పూసి ఉంటారు.

నా భార్య అలివేలు పేపరు చదివి, "పన్నెండు మందికి మూడు సేర్ల అర్దళమా? ఊరంతా సస్తది గదండి," అంది.

ఇరవై మూడేళ్ల ఉద్యోగం. నా వార్త మీద ఇంతవరకు ఒక్క సవరణ పడలేదు.

జూన్ 13

విఠల్‌రావు వచ్చాడు. కూర్చోలేదు, గదంతా తిరిగాడు.

"క్యా కమాల్ కర్‌దియా సాబ్! మా ముత్తాత ఎలుక కనవడితె మంచమెక్కెటోడని మా నాయన చెప్పెటోడు. ఆయన కంపెనీ సర్కారుకు ఎదురు తిరిగిండా!"

"ఆధారం ఉంది," అన్నాను.

"ఉన్నది, ఉన్నది. నేను గూడ నమ్ముతున్న."

1857 తిరుగుబాటు శతజయంతి సంఘంవారు ఇప్పటికే ఆయనను కలిశారు. బంగళాను స్మారకం చేస్తారట. శిలాఫలకం, జెండా స్తంభం. తోటను ఇటుకబట్టీ యజమానికి అమ్మేందుకు విఠల్‌రావు మాట ఇచ్చి ఉన్నాడు. ఇప్పుడు మాట వెనక్కి తీసుకున్నాడు. వీరుడి మునిమనవడు బట్టీకి ఇల్లు అమ్మితే బార్ రూములో పరువు ఉండదని నాకు చెప్పాడు. అది నిజమైన కారణమే అనుకుంటాను. దేశభక్తి అనే మాట ఆయన వాడలేదు.

దీనివల్ల ఇంకొకరికి మేలు జరిగింది. బంగళా కాపలా మనిషి బాలమ్మ. పెరటి కొట్టంలో మూడు తరాల నుంచి వాళ్లే ఉంటున్నారు. దసరాకల్లా ఖాళీ చేయమని ఆమెకు చెప్పి ఉన్నారు. ఇప్పుడు స్మారకానికి ఆమెనే చౌకీదారుగా పెడతారట. వార్తతో పాటు వేసిన ఫోటోలో తలుపు పక్కన నిలబడ్డది ఆమే. తలుపు ఎంత ఎత్తో తెలియడానికి నిలబెట్టాం.

జూన్ 30

శతజయంతి సంఘం మీటింగు. అధ్యక్షుడు సుబ్రహ్మణ్యం గారు, ఆబ్కారీలో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయారు. గంటా పది నిమిషాలు మాట్లాడారు. గడియారం చూసి రాసుకున్నాను. ఆగస్టు పదిహేనున బంగళా వసారాలోనే ఒక నాటకం, ఆ తర్వాత ఫలకం ఆవిష్కరణ అని తీర్మానం.

నాటకం గౌలిపురా దుర్గయ్యది. పగలు కరెంటు ఆఫీసులో మీటరు రీడరు. ప్రతి ఇంట్లోకీ వెళతాడు, ప్రతి ఇంటి గొంతూ వాడికి వస్తుంది. మీటింగులోనే కథ చెప్పాడు. మొదటి అంకం 1857, రెండో అంకం 1957. ఇల్లు అదే, బల్ల అదే. మొదటి అంకంలో బల్ల మీద ఏది వదిలేసి పోతే రెండో అంకంలో అది అక్కడే ఉంటుంది.

"హాస్యమా?" అన్నారు సుబ్రహ్మణ్యం గారు అనుమానంగా.

"జర నవ్వుతరు సార్. గని దేశభక్తి లోపల్నే ఉంటది, బిర్యానిల మటన్ బొక్క లెక్క."

సంఘం ఆమోదించింది.

జూలై 14, ఆదివారం

రిహార్సల్ చూడటానికి అలివేలును తీసుకుని వెళ్లాను. గౌలిపురాలో బడి వరండా.

మొదటి అంకం పరవాలేదు. పన్నెండుగురు యోధులు తెల్లవారితే యుద్ధమనగా రొట్టెల కోసం కొట్లాడుకుంటారు. ఒకడు సగం కొరికిన రొట్టె బల్ల మీద వదిలి పారిపోతాడు. రెండో అంకంలో ఆ రొట్టె ఎండి దొరుకుతుంది. వకీలు, సంఘం అధ్యక్షుడు, రిపోర్టరు దాని చుట్టూ చేరతారు. రొట్టె అంచులు కంపెనీ కోట మ్యాపు అని రిపోర్టరు తేలుస్తాడు. మాడిన మచ్చలు ఫిరంగులట.

రిపోర్టరు వేషం దుర్గయ్యే వేశాడు. అతి చేస్తున్నాడు. మాట మాటకూ పెన్సిల్ కొరుకుతాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, దానికోసం జేబులు వెతుక్కుంటాడు. ఏ వాక్యం మొదలుపెట్టినా "నా దగ్గర ఆధారం ఉంది" అంటాడు. అయిపోయాక దుర్గయ్యను పక్కకు పిలిచి చెప్పాను. ఏ రిపోర్టరూ ఇలా ఉండడు. నా దగ్గర ఆధారం ఉంది, ఇరవై మూడేళ్లుగా వాళ్లనే చూస్తున్నాను.

"అట్లనా సాబ్? ఎక్వయిందా?"

"చాలా."

"సరె సాబ్. జర తగ్గిస్త," అని తల వంచుకున్నాడు. నొచ్చుకున్నట్టున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

అలివేలు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఇంటికి వచ్చాక కూడా వంటింట్లోంచి నవ్వు వినిపించింది. ఆమెకు నాటకాలంటే మొదటి నుంచీ ఇష్టం.

జూలై 21, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మొదటి అంకానికి పెద్ద వంటపాత్ర కావాలని దుర్గయ్య అన్నాడు. ఇద్దరం సైకిళ్ల మీద జల్‌పల్లి వెళ్లాం. బాలమ్మ కొట్టంలోంచి ఇత్తడి గుండిగ దొర్లించుకుంటూ తెచ్చింది. మనిషి కూర్చునేంత ఉంది, నల్లగా మసిపట్టి ఉంది. దుర్గయ్య చింతపండు పెట్టి అంచు తోమాడు. తెలుగు అక్షరాలు బయటపడ్డాయి. "రక్తాక్షి సం. మార్గశిర శుద్ధ పంచమి. చిన్నదొర పెండ్లి."

"ఆ పెండ్లికే పోసిండ్రు గిది," అంది బాలమ్మ. "మా అవ్వ దీంట్లనే వండింది. ఆ పన్నెండు మందికి గూడ."

"ఏ పన్నెండు మంది?" అన్నాను.

"నువ్వు పేపర్ల రాసినవంట గద సారూ, గా పన్నెండు మందే. కొడుకు పెండ్లికని పెద్దదొర, మన వకీలు సాబ్ ముత్తాత, దాసిపెట్టిన బాగోతులోళ్లు. ముందుగాల్నే కనవడితె పెండ్లినాడు మజా ఉండదని బంగ్లల పెట్టి తాళమేసిండ్రు."

"కత్తులు?"

"కట్టెవి."

"గుర్రపు తోకలు?"

"గడ్డాలకు సారూ. మీసాలకు గూడ."

అర్దళం సంగతి అడగలేదు. దుర్గయ్యే చెప్పాడు. "మొహానికి పూసుకునే పసుపుపచ్చ రంగు సాబ్. బాగోతం ఆడెటోళ్లకు అది లేంది నడ్వది." తర్వాత గుండిగ వైపు తిరిగి చాలాసేపు తోముతూనే ఉన్నాడు.

ఇంటికి వచ్చాను. రక్తాక్షి ఎప్పుడో పంచాంగంలో వెతుకుతుంటే అలివేలు చూసింది.

"దానికి పంచాంగమెందుకండి? మన పెండ్లి రక్తాక్షిలనే గద."

మా పెళ్లి 1924. అరవై వెనక్కి వెళితే 1864.

1274 హిజ్రీ కాదు. ఫస్లీ, నిజాం కచేరీల లెక్క. ఫస్లీకి 590 కలిపితే 1864. రెండూ కలిశాయి. దఫ్తరు మనిషి రొట్టె, పప్పు సరఫరాకు రాసిన కాగితం ఫస్లీలో కాక ఇంకెందులో ఉంటుంది? నా బడి సర్టిఫికెట్టు మీద నేను పుట్టింది 1317లో. దాన్ని చూసి ఆరు వందల ఏళ్ల కిందట పుట్టానని ఎప్పుడూ అనుకోలేదు. నాలుగు పంచాంగాల మధ్య పెరిగినవాణ్ని. నాలుగింటిలో పెద్ద అక్షరాల హెడ్డింగు వచ్చేదాన్ని ఏరుకున్నాను.

జూలై 22

ఎవరైనా చేసే పొరపాటే.

జూలై 23

ఎవరూ చేయరు.

జూలై 28, ఆదివారం

సవరణ రాశాను. నాలుగు వాక్యాలు. "జూన్ 9 నాటి వార్తలో పేర్కొన్న సంవత్సరం 1857 కాదు, 1864. అప్పుడు తిరుగుబాటు లేదు. బంగళాలో ఉన్నవారు సిపాయిలు కారు, పెళ్లికి పిలిపించిన బాగోతులు. పొరపాటుకు చింతిస్తున్నాం." ఆఫీసుకు తీసుకెళ్లాను. సాయంత్రం జేబులోనే వెనక్కి తెచ్చాను.

నా రికార్డు గురించి కాదు. అది స్పష్టంగా రాసుకోవాలి. సవరణ పడితే ఫలకం ఉండదు, బంగళా బట్టీకి పోతుంది, బాలమ్మ రోడ్డున పడుతుంది. ఒక ముసలామె నీడ కంటే ఏడేళ్ల తేడా ఎక్కువా? కాదు. కనుక ఆగాను. నా రికార్డు గురించి కాదు.

అలివేలుకు చెప్పాను. చపాతీ తిప్పుతూ, "పాపం బాలమ్మ," అంది. "ఆమె పేరు చెప్పి ఎంత మంది బత్కుతున్నరో."

ఆగస్టు 4, ఆదివారం

జల్‌పల్లి వెళ్లాను. బాలమ్మకు అంతా చెప్పాను. నిజం రాస్తే ఏం జరుగుతుందో కూడా చెప్పాను. ఆమె కొట్టం ముందు మెంతికూర తుంచుతోంది. చెయ్యి ఆగలేదు.

"బట్టీ పెడితే ఎక్కడికి పోతారు?" అని అడిగాను.

"మా చెల్లె బిడ్డ ఇంట్ల వసార ఉన్నది. ఆడ మేకను కడ్తరు. మేకతోని నేను."

"మరి ఏం చేయమంటారు?"

"నన్నడుగుతవేంది సారూ? నా కొట్టం కోసం నిన్ను అబద్ధం రాయుమన్ననా? నేనెన్నడన్న వాళ్లు సిపాయిలన్ననా?"

"అనలేదు."

"మూడుమాట్ల వచ్చినవు. ఫోటువ దీస్తివి. తలుపు పొడుగు కొలిస్తివి, అర్రల పొడుగు కొలిస్తివి. నన్ను ఒక్క మాట అడగకపోతివి. అడిగితె ఆన్నే చెప్పకపోదునా?"

ఇంటికి వచ్చి ఆనాటి నోట్సు తీసి చూశాను. "బాలమ్మ, కాపలా, సుమారు 65. ఎత్తు తలుపులో మూడింట రెండొంతులు." ఆమె గురించి అంతే ఉంది.

ఆగస్టు 11

పదిహేనున నాటకం అవగానే, ఫలకం తెర తీయకముందే, అందరి ముందూ నేనే చెబుతాను. బాలమ్మ సంగతి విఠల్‌రావుతో తర్వాత కొట్లాడతాను. నిర్ణయం అయిపోయింది.

ఆగస్టు 14

ఇవాళ కూడా నిర్ణయం అదే.

ఆగస్టు 15, గురువారం

వాన పడలేదు. సాయంత్రం నాలుగింటికి మొదలు. జనం సుమారు ఆరు వందలు. పోలీసులు రెండు వేలన్నారు, సంఘం ఐదు వేలంది. కుర్చీల్లో సంఘం, చాపల మీద జల్‌పల్లి, జామచెట్ల మీద మిగిలినవాళ్లు.

నాటకం బాగా నడిచింది. రొట్టె దగ్గర జనం విరగబడి నవ్వారు. దుర్గయ్య రిపోర్టరు పాత్రను తగ్గిస్తానన్నాడు, తగ్గించలేదు. పైగా ఎక్కడి నుంచో నా చొక్కాలాంటి గళ్ల చొక్కా సంపాదించాడు. సుబ్రహ్మణ్యం గారు తన పాత్రను చూసి పక్కవారితో, "అలాంటి అధ్యక్షులు ప్రతి ఊళ్లోనూ తగులుతారండీ," అన్నారు. నేను వెనకే ఉన్నాను, విన్నాను. మనుషులు తమను తాము గుర్తుపట్టకపోవడం వింతే.

తెర పడింది. నేను వేదిక ఎక్కాను. చేతిలో ఫారసీ కాగితం. చదవడానికి కళ్లజోడు కనిపించలేదు. జేబులు చూసుకున్నాను. జనంలో నవ్వు. నుదుటి మీద ఉందని ఎవరో అరిచారు. పెట్టుకున్నాను. మళ్లీ నవ్వు.

"అయ్యా," అన్నాను. "నా దగ్గర ఆధారం ఉంది."

ఆ నవ్వు ఎంతసేపు సాగిందో గడియారం చూసుకోలేదు. నా వృత్తిలో అది మొదటిసారి.

ఆపి ఆపి మొత్తం చెప్పాను. 1274 ఫస్లీ అని, ఏడేళ్లు తప్పానని, వాళ్లు వేషగాళ్లని, కత్తులు కట్టెవని, గుర్రపు తోకలు గడ్డాలని. ప్రతి వాక్యానికీ నవ్వారు. "గడ్డాలు" అనగానే జామచెట్టు మీదినుంచి ఒకడు జారి కింద పడ్డాడు. దెబ్బలేమీ తగల్లేదు. నేను జీవితంలో చెప్పినవాటన్నిటిలోకీ పొడి నిజం అది. దానికి వచ్చినన్ని చప్పట్లు దుర్గయ్యకు కూడా రాలేదు.

"తప్పు నాది," అన్నాను చివర.

"వన్స్ మోర్!" అన్నారు.

నవ్వనిది ఒక్కరే. బాలమ్మ. గుండిగ పక్కన కూర్చుని నన్నే చూస్తోంది. నేను దిగుతుంటే తల ఊపింది.

తర్వాత సుబ్రహ్మణ్యం గారు లేచారు. ఆయన మాటలు నోట్సులో ఉన్నాయి, ఉన్నదున్నట్టు దించుతున్నాను. "మన రిపోర్టరు మిత్రులు హాస్యంగా చెప్పినా అందులో గంభీరమైన సత్యం ఉంది. ఆ వీరులు వేషగాళ్ల వేషంలో దాక్కున్నారు! కట్టెకత్తుల చాటున అసలు కత్తులు దాచారు! 1857 నుంచి 1864 దాకా, ఏడేళ్లు! ఒక్కనాడు గడ్డం తీయలేదు! ఏమి దీక్ష!"

ఫలకం తెర తీశారు. 1857 అని ఉంది. 1864 కూడా చెక్కించాలని అక్కడికక్కడే తీర్మానించారు. విఠల్‌రావు నన్ను కౌగిలించుకున్నాడు.

"సాబ్, ఏడేండ్లు ఎక్వ జేసినవు! మా ముత్తాత ఏడేండ్లు తిండి పెట్టిండు!"

బాలమ్మకు ఇత్తడి బిళ్ల ఇచ్చారు. దాని మీద "చౌకీదారు" అని ఉంది. చౌకీదారుకు కొట్టం శాశ్వతమని విఠల్‌రావు మైకులో ప్రకటించి, అక్కడే సంతకం పెట్టాడు. సంతకం నేను దగ్గర నుంచి చూశాను.

ఆగస్టు 17

సవరణ ఎడిటరుకు ఇచ్చాను. చదివి, వెనక్కి ఇచ్చాడు.

"ఇది పదహారో తేదీ పేపర్ల వేసినం గద. నాటక సమీక్షల, 'రిపోర్టరు గారి హాస్య ప్రసంగం' అని. ఒక్క జోకు రెండుసార్లు ఎందుకు?"

ఇది జోకు కాదన్నాను. ఆయన నవ్వాడు.

ఇరవై మూడేళ్లు. సవరణలు ఇప్పటికీ లేవు.

ఆగస్టు 25, ఆదివారం

జల్‌పల్లి వెళ్లాను, ఒక్కణ్నే. కెమెరా తీసుకుపోలేదు, టేపూ తీసుకుపోలేదు. బాలమ్మ బిళ్లను కొంగుకు పిన్నుతో పెట్టుకుని ఉంది. రెండు కుటుంబాలు బంగళా చూడటానికి వచ్చాయి. ఆమె వాళ్లకు ఉన్నదే చెప్పింది. బాగోతులోళ్లు, కట్టెకత్తులు, పెళ్లి. వాళ్లు భక్తితో విని, "చూశావా, ఎట్లా దాచారో," అనుకుంటూ ఫలకానికి దండం పెట్టి వెళ్లిపోయారు.

"రోజు గిదే," అంది బాలమ్మ. "నేను చెప్తనే ఉంట. వాళ్లు మొక్కుతనే ఉంటరు."

కొట్టం ముందు కూర్చున్నాను. రెండు నెలల కింద అడగాల్సింది అడిగాను.

"ఇంతకీ ఆ పన్నెండుగురు ఆ పెళ్లిలో ఏం ఆడారు?"

"గిప్పుడడిగినవు," అంది. మెంతికూర పక్కన పెట్టింది. "మా అవ్వ చెప్పెటిది. వాళ్లు ఉత్తగ దాక్కోలె సారూ. పన్నెండు దినాలు గా కిటికీలకెల్లి దొరనే సూసిండ్రంట. ఎట్ల నడుస్తడు, ఎట్ల నశ్యం పీలుస్తడు, కలం ఏ చెవిల పెడ్తడు, మాట మాటకు 'నా లెక్క తప్పది' అని ఎట్లంటడు. పెండ్లినాడు ఒకడు అచ్చం దొర లెక్క వేషం గట్టి వచ్చిండు. పెండ్లోళ్లంత పొర్లి పొర్లి నవ్విరి."

"దొరకు కోపం రాలేదా?"

"కోపమా? అందరికంటె ఎక్వ ఆయన్నే నవ్విండు. 'ఎవడ్రా ఈ పిచ్చోడు, గిసోంటోడు ఏడనన్న ఉంటడా' అని శాలువ కప్పిండంట. సచ్చెదాక ఆయనకు ఎరుకలేదు."

"ఎవరూ చెప్పలేదా?"

"ఎవలు చెప్తరు? దొరసాని పక్కపొంటి కూసోని కండ్లెంబడి నీళ్లొచ్చేటట్టు నవ్విందంట. ఆమెనే చెప్పకపాయె."

బాలమ్మ నా మొహం కేసి చూసి, నోటి దగ్గర ఇంకేదో చూసి, మళ్లీ మెంతికూర అందుకుంది.

నోట్లోంచి పెన్సిల్ తీశాను.

ఇంటికి వచ్చి జూలై 14 పేజీ తిప్పాను. "ఏ రిపోర్టరూ ఇలా ఉండడు" అని నా దస్తూరీలోనే ఉంది.

సవరణ: ఒకడు ఉన్నాడు.